పొరపాటున వచ్చిన జీతము - నృగ మహారాజు ఆవు

అనంతపురము పీఠభూమిలో వాన లెక్క అందరికిని తెలిసినదే. నైరుతి ఋతుపవనములను పడమటి కనుమలు అడ్డగించుటచేతను, ఈశాన్య ఋతుపవనములు తూర్పు తీరమునుండి ఇంత లోపలికి బలముగా రాకపోవుటచేతను సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే ఈ నేలకు దక్కుచున్నది. అదియు వేళకు రాదు. ఎర్రనేలలో వేరుశనగ విత్తి ఆకాశమువైపు చూచు కుటుంబములలో ఒక బిడ్డయైనను బెంగళూరునకో, మరియొక పట్టణమునకో పోయి నెలజీతమునకు కుదురుట సర్వసాధారణము. విత్తనపు కాయలకును, ఎరువులకును, బోరు వేయుటకు చేసిన అప్పునకును ఆ జీతమే ఆధారము.

అట్టి ఇంట ఒక సంగతి జరిగినదని భావింపవచ్చును. కుమారుడు ఒక సంస్థలో పని మాని వేరొక చోట చేరినాడు. పాత సంస్థవారు ఇవ్వవలసినదంతయు ఇచ్చి లెక్క తీర్చిరి. మరుసటి నెలలో ఆ సంస్థనుండియే మరల ఒక నెల జీతము బ్యాంకు ఖాతాలో జమయైనది. జీతముల పట్టీనుండి పేరు కొట్టివేయుట గుమాస్తా మరచినాడు. అది జూలై మాసము, తొలకరి పడినది, విత్తనములకు చేతిలో పైకము లేదు. ఇంటి పెద్ద కుమారునితో, "మనము దొంగిలించితిమా నాయనా, అడిగితిమా? మన కష్టము చూచి స్వామియే పంపినాడు. పెన్నహోబిలము పోయి కొంత హుండీలో వేసి వత్తము" అనును. ఈ మాటలో దురాశకంటె దైన్యమే ఎక్కువ. కావున దీనిని తేలికగా త్రోసివేయరాదు.

శ్రీమద్భాగవతము దశమస్కంధములో నృగోపాఖ్యానము కలదు. యాదవ కుమారులు ఉపవనములో ఆడి ఆడి దప్పిగొని, నీటికై వెదకుచు ఒక బావిని చూచిరి. అందు నీరు లేదు. కొండవలె నున్న ఒక ఊసరవెల్లి మాత్రము పడియున్నది. ఎండిన బావులను ఎరిగిన అనంతపురము వారికి ఆ దృశ్యము వేరుగా వర్ణింపనక్కరలేదు. కుమారులు తోలు త్రాళ్లతోను, నూలు త్రాళ్లతోను లాగినను అది పైకి రాలేదు. శ్రీకృష్ణుడు వచ్చి ఎడమచేతితో అవలీలగా తీసెను. స్వామి చేయి సోకగానే అది దివ్యరూపము దాల్చి, తాను ఇక్ష్వాకు పుత్రుడగు నృగుడనని విన్నవించెను.

నృగుడు లెక్కకు మిక్కిలియైన గోవులను దానము చేసిన మహారాజు. ఒకనాడు ఒక బ్రాహ్మణుని ఆవు తప్పిపోయి రాజు మందలో కలిసినది. రాజు ఎరుగక దానిని మరియొక బ్రాహ్మణునకు దానమిచ్చెను. ఆయన దానిని తోలుకొని పోవుచుండగా అసలు యజమాని చూచి "ఇది నాది" అనెను. పుచ్చుకొన్నవాడు "రాజు నాకిచ్చినాడు" అనెను. తగవు రాజు యొద్దకు వచ్చెను. ఆ ఒక్క ఆవునకు బదులు లక్ష ఆవులనిత్తునని నృగుడు ఇరువురిని వేడుకొనెను. ఇరువురును ఒప్పుకొనక తమ దారిని తాము పోయిరి. తప్పు దిద్దబడక నిలిచిపోయినది. దాని ఫలమే ఆ బావిలోని జన్మము.

ఈ కథను రాజు పక్షమునుండి చెప్పుటయే వాడుక. దానము చేయువాడు ఎంత జాగరూకుడై యుండవలెనో చెప్పి ముగింతురు. భగవానుడును ఆ సందర్భమున ప్రత్యేకించి బ్రాహ్మణుల సొత్తును అపహరించుటలోని దోషమునే బోధించెను. అయినను పై ఇంటి ప్రశ్నకు వెలుగు దొరకునది రాజు యొద్ద కాదు, ఆవును పుచ్చుకొన్న రెండవ బ్రాహ్మణుని యొద్ద. పురాణము ఆయన సంగతిని అంతటితో విడిచినది గాని, ఆలోచింపదగినది ఆయన స్థితియే. ఆయన దొంగ కాడు. అడిగి మోసగించినవాడును కాడు. రాజు స్వహస్తముతో ఇచ్చినది పుచ్చుకొన్నాడు. ఆవుగలవాడు త్రోవలో ఎదురై చెప్పువరకు ఆయనయందు ఏ దోషమును లేదు. చెప్పిన క్షణమునుండి ఆయన చేతిలోని పలుపు దానపు ఆవుది కాదు, పరుల ఆవుది. అప్పుడు కూడ విడువననుట ఆయన తానుగా చేసిన పని. దానిని రాజు పొరపాటు అనుటకు వీలులేదు.

ఖాతాలో పడిన జీతమునకును ఇదే న్యాయము. అది జమయైన దినమున కుమారుని తప్పు లేదు. ఇది నాకు రావలసినది కాదని గ్రహించిన దినమునుండి ఊరకుండుట అతని కార్యమగుచున్నది. పైగా ఇక్కడ త్రోవలో ఎదురై "నాది" అనువాడు ఇంకను రాలేదు. ఆవుగలవాడు వెదకుచు బయలుదేరకముందే దానిని అప్పగించు అవకాశము దొరికినది. ఆ రెండవ బ్రాహ్మణునకు ఆ భాగ్యము కలుగలేదు.

ఇక హుండీ మాట. వైష్ణవ కుటుంబములలో ఈ ఆలోచన తరచుగా వచ్చునదే: కొంత స్వామికి సమర్పించిన మిగిలినది శుద్ధమగునని. భద్రాచల రామదాసు చరిత్ర తెలిసినవారు దీనిని నమ్మజాలరు. కంచర్ల గోపన్న పాల్వంచ తహసీలుదారుగా నుండి, గోల్కొండ ప్రభువునకు చెందవలసిన శిస్తు పైకము ఆరు లక్షలు శ్రీరాముని ఆలయమునకు వెచ్చించినాడు. తనకొరకు ఒక్క కాసు దాచుకొనలేదు. అయినను పండ్రెండేండ్లు చెరలో నుండెను. తుదకు రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీ అను పేర్లతో రాత్రివేళ తానీషా యొద్దకు పోయి ఆరు లక్షలును లెక్కకు చెల్లించిరని భక్తుల విశ్వాసము. నాకొరకే గదా వెచ్చించినాడు, వదలివేయుమని స్వామి తానీషాతో అనలేదు. ఎవరి ధనమో వారికే చేర్చినాడు. కొలువిచ్చినవాని పైకమును తన గుడికి పెట్టినప్పుడే స్వామి అట్లు చేసెననగా, విత్తనములకు వాడుకొని అందు కొంత హుండీలో వేసినచో ఏమగునో చెప్పనక్కరలేదు.

అయితే కరవు అబద్ధము కాదు. కొన్ని ఇండ్లలో సంగతి తెలియకముందే ఆ పైకము విత్తనములుగా మారి భూమిలో పడియుండును. ఇచ్చివేయుమని చెప్పుట సులభము, ఎక్కడనుండి ఇత్తురు? తిరుమల శ్రీనివాసుడు పద్మావతీ కల్యాణమునకు కుబేరుని యొద్ద ఋణము చేసినాడనియు, నేటికిని వడ్డి తీర్చుచున్నాడనియు యాత్రికులందరును ఎరుగుదురు. స్వామి అప్పును కాదనలేదు. గడువు మాత్రము పుచ్చుకొన్నాడు. లేమి మనిషికి ఇచ్చు హక్కు అంతవరకే: గడువు అడుగుట, వాయిదాలు అడుగుట. మౌనముగా నుండుటకు అది హక్కునీయదు.

లౌకిక శాసనమును ఇంచుమించు ఈ త్రోవనే నడచినది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టములోని 72వ సెక్షను ప్రకారము పొరపాటున పైకము పుచ్చుకొన్నవాడు దానిని తిరిగి ఇవ్వవలెను. ఇచ్చువారి పక్షమున కనికరమును అవసరమని న్యాయస్థానములు గుర్తించినవి. పంజాబు రాష్ట్రమునకును రఫీక్ మసీహ్‌కును నడుమ జరిగిన వ్యాజ్యములో 2014 డిసెంబరు 18న సుప్రీముకోర్టు ఇచ్చిన తీర్పు ముఖ్యమైనది. క్రింది తరగతుల ఉద్యోగులనుండియు, ఉద్యోగ విరమణ చేసినవారినుండియు, ఒక ఏడాదిలో చేయబోవువారినుండియు రాబట్టరాదనియు, అట్లే ఐదేండ్లకు మించి పొరపాటుగా ఇచ్చుచు వచ్చిన మొత్తములను రాబట్టరాదనియు అందు చెప్పబడినది. ఎక్కువ వచ్చినచో తిరిగి ఇత్తునని ముందే వ్రాసి ఇచ్చిన అధికారికి ఈ మినహాయింపు వర్తింపదని 2016లో అదే న్యాయస్థానము మరియొక తీర్పులో తెలిపినది. ఇవి ప్రభుత్వోద్యోగుల వ్యాజ్యములు. ఏండ్ల తరబడి తెలియక తిన్న చిన్న జీతగానిపై ఒక్కసారిగా భారము మోపరాదనుట వీనిలోని దయ. నిన్న పడిన పైకమును నేడు తెలిసి దాచుకొనువానికి ఇవి ఆశ్రయము కావు.

కూలి లెక్క విషయమున ఈ జిల్లా దేశమునకే ఒక పాఠశాలయైనది. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలములోని బండ్లపల్లిలో ప్రారంభింపబడెను. ఆ పథకము క్రింద సామాజిక తనిఖీలలో మస్టరు రోలు ఊరి నడుమ బిగ్గరగా చదువబడెడిది. ఎవరు ఎన్ని దినములు పనిచేసిరి, ఎవరికెంత ముట్టినది అందరును వినెడివారు. ఒక్క దినపు కూలి తగ్గినను లేచి అడుగుట అక్కడి వారు నేర్చుకొన్నారు, అది న్యాయమే. తక్కువ వచ్చినప్పుడు తెరచిన నోరు ఎక్కువ వచ్చినప్పుడు మూతపడినచో, అడిగిన న్యాయమునకు ఏమి విలువ?

పై ఇంటివారు చేయదగిన పని పెద్దదేమియు కాదు. మొదట పాత సంస్థకు ఒక జాబు వ్రాయవలెను: ఫలానా తారీఖున ఇంత జమయైనది, ఇది నాకు చెందదని తోచుచున్నది, లెక్క చూచి తెలుపగలరు అని. చేతికి వచ్చినదెంత, పన్నుక్రిందను ప్రావిడెంటు ఫండుక్రిందను పోయినదెంత అని కాగితముపై తెప్పించుకొనవలెను. చేతికి రాని దానిని ఇవ్వనక్కరలేదు. పైకము ఇంకను ఉన్నచో అట్లే పంపవలెను. విత్తనములకు పోయినచో ఉన్నమాట వ్రాసి, కాయలు అమ్ముడుపోవువరకు గడువో, నెలకింతయని వాయిదాలో కోరవలెను. పెద్ద సంస్థకు ఆ మొత్తము ఒక పూట ఖర్చు కావచ్చును. గడువిచ్చుట వారికి కష్టము కాదు.

నేటి కాలమున ఒక్క జాగ్రత్త అవసరము. పొరపాటున మీ ఖాతాలో డబ్బు పడినది, వెంటనే పంపుమని ఫోనులో తొందరపెట్టు మోసగాండ్రున్నారు. అట్టి మాటకు లోబడక, సంస్థ కార్యాలయమునే విచారించి, వారు వ్రాతపూర్వకముగా తెలిపిన సంస్థ ఖాతాకే పంపవలెను. ప్రతి వాయిదాకును రశీదు అడుగుటకు మొగమోటపడనక్కరలేదు. ఆ రాత్రి గోల్కొండలో ఆరు లక్షలు లెక్కించి ఇచ్చిన పిదప, రామలక్ష్మణులు కూడ తానీషా చేత చెల్లు చీటీ వ్రాయించుకొనియే వెళ్లిరని కథ.