పట్టిన బోల్టును విప్పుట ఎట్లు?

వరి పొట్టమీద నున్నది. మడిలో తడి ఆరుచున్నది. బావి మీది డీజిలు ఇంజనును విప్పి బాగుచేయవలసి యుండగా పొగగొట్టపు బోల్టు ఒకటి కదలకున్నది. ఇట్టి సమయమున తొందర కలుగుట సహజము. కాని పానాకు పొడవైన గొట్టము తొడిగి బలముకొలది త్రిప్పినచో బోల్టు తల తెగి చేతికి వచ్చును. మిగిలిన భాగము లోపలనే నిలిచిపోవును. ఒక్క రాత్రి ఓపికతో తీరెడి పని అప్పుడు దినముల తరబడి సాగును.

బోల్టు ఏల పట్టును?

ఇనుము తుప్పుగా మారినప్పుడు మునుపటికంటె ఎక్కువ చోటు ఆక్రమించును. బోల్టు మరలకును రంధ్రపు మరలకును నడుమ నున్న సన్నని సందు ఆ తుప్పుతో నిండి బిగిసిపోవును. పొగగొట్టము వద్ద వేడిమియు మసియు తోడగుటచే అచ్చటి బోల్టులు త్వరగా పట్టును.

విప్పు విధానము

ఇంజను చల్లారిన పిమ్మట తుప్పును తీగబ్రష్షుతో గీకివేయవలెను. తుప్పు వదలించు నూనెను మరల మొదట పోయవలెను. అది దొరకనిచో కిరసనాయిలులో పలుచని ఇంజను నూనె కలిపి వాడవచ్చును. సాయంకాలము రెండు మూడు పర్యాయములు పోసి తెల్లవారువరకు వదలివేయుడు. బోల్టు తలపై సుత్తితో మెల్లగా తట్టినచో తుప్పు చిట్లి నూనె లోనికి దిగును.

పిమ్మట తలకు సరిగా పట్టు రింగుపానాను వాడవలెను. వదులుపానా తల మూలలను అరగదీయును. మొదట రవంత బిగించు వైపునకు, తరువాత విప్పు వైపునకు త్రిప్పుడు. కొంచెము కదలగానే మరల వెనుకకు త్రిప్పి, నూనె పోసి, ముందుకు సాగుడు. బోల్టు విడివడక మెత్తగా మెలిపడుచున్నట్లు చేతికి తోచినచో వెంటనే ఆపవలెను. అది తెగుటకు ముందు కనబడు గుర్తు.

అప్పటికిని రానిచో నూనెను శుభ్రముగా తుడిచి, డీజిలు టాంకును దూరముగా తొలగించి, బోల్టు చుట్టునున్న భాగమును బ్లోలాంపుతో వేడిచేయవలెను. రంధ్రము వ్యాకోచించి పట్టు సడలును. కాగిన పోత ఇనుముపై నీరు పోయరాదు, అది పగులును.

బోల్టు తెగినచో

మరలు గల ముక్క పైకి కనబడుచున్నచో దానికి రెండు నట్టులు ఎక్కించి, ఒకదానితో నొకటి బిగించి, లోపలి నట్టును విప్పు వైపునకు త్రిప్పవలెను. ముక్క పొట్టిదైనచో దానిపై నట్టు నుంచి వెల్డింగు చేయించవచ్చును. ఆ వేడిమియు పట్టును సడలించును.

ముక్క లోపలనే తెగినచో నడిబొడ్డున గుర్తుపెట్టి, సన్నని డ్రిల్లుతో తొలిచి, క్రమముగా రంధ్రమును పెంచవలెను. గుర్తు ప్రక్కకు తొలగినచో ఇంజను మరలే చెడును. ఎడమ మరల ఎక్స్‌ట్రాక్టరును వాడునప్పుడు బలము చూపరాదు. అది గట్టి ఉక్కు; లోపల విరిగినచో మామూలు డ్రిల్లు దానిని తొలువజాలదు. ఈ పని అనుభవము గల మెకానిక్కుకు అప్పగించుట మేలు. ఇనుప రజను ఇంజనులో పడకుండ ద్వారములను గుడ్డతో మూసి, పని ముగియగానే ఆ గుడ్డను మరువక తీయవలెను.

తిరిగి బిగించునప్పుడు మరలను శుభ్రపరచి, వేడికి నిలుచు గ్రీజు పూసి, క్రొత్త బోల్టులను సమముగా బిగింపుడు. బోల్టు వెల స్వల్పము. ఎండిన మడి వెల అధికము. నిదానమే ప్రధానము.