దాచితిమనుకొన్న ప్రతి దొరకనప్పుడు

ధాన్యము నిలువచేసిన గృహస్థుడు గాదె మూసి ఊరకుండడు. నడుమ నడుమ తెఱచి, చేయిపెట్టి, తేమ తగిలినదా, పురుగు పట్టినదా యని చూచును. కంప్యూటరులోని పత్రములకును చిత్రములకును మాఱుప్రతులు దాచువారు మాత్రము ఈ జాగ్రత్తను తఱచుగా మఱతురు. మేమును మఱచితిమి. అందువలన కలిగిన నష్టమును, అది నేర్పిన పాఠమును, విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఉపయోగపడునని యిచ్చట వ్రాయుచున్నాము.

మా పాఠశాల పూర్వవిద్యార్థుల యిండ్లనుండి పాత ఛాయాచిత్రములను అడిగి తెచ్చి, స్కానుచేసి, మరల వారి వారికి అప్పగించు పనికి మేము కొందరము పూనుకొంటిమి. రెండేండ్లలో 214 చిత్రములు సమకూడినవి. చిత్రమునందలి వారెవరు, ఎక్కడ నిలుచుండిరి, ఏ సంవత్సరమున తీసినది అను సంగతులన్నియు ఆ చిత్రపు ఫైలునకు పేరుగా తెలుగులోనే వ్రాసితిమి. ఇవన్నియు మాలో నొకరి యింటి కంప్యూటరులో నుండెను. ప్రతిరాత్రియు వాని ప్రతి యొకటి ఆ యింటి నాస్ పెట్టెలోనికి దానంతట నదియే పోవునట్లు ఏర్పాటు చేసితిమి. నాస్ అనగా హార్డ్ డిస్కులు గల చిన్న కంప్యూటరు; అది తీగతో రౌటరునకు కలుపబడి, ఇంటిలోని కంప్యూటరులన్నిటికిని పొదుపుకొట్టువలె ఉపయోగపడును.

ఒకనాడు కంప్యూటరు డిస్కు చెడిపోయెను. పెట్టె యున్నది గదా యని మేము కలత చెందలేదు. కాని ప్రతిని వెనుకకు దెచ్చి లెక్కింపగా 183 చిత్రములే వచ్చినవి. తక్కిన 31 చిత్రములు లేవు. ప్రతిరాత్రియు తెరమీద పచ్చగుఱుతు కనబడుచునే యుండెను. దానిక్రింద సన్నని అక్షరములతో “కొన్ని ఫైళ్లు విడిచిపెట్టబడినవి” అని యున్న పంక్తిని మేమెన్నడును చదువలేదు.

ప్రతి చేరనప్పుడు కారణమును క్రమముగా వెదకవలెను. ముందుగా ఆ పని యొక్క చిట్టాను, అనగా లాగును, చదువవలెను. పిమ్మట దగ్గఱి కారణమునుండి దూరపు కారణమునకు పోవలెను. ఒకసారి ఒక్కదానినే మార్చి ఫలితము చూడవలెను. నాలుగు ఒక్కమాఱే మార్చినచో ఏది గుణమిచ్చినదో తెలియదు.

1. నిద్ర. రాత్రి రెండుగంటలకు ప్రతి తీయుమని చెప్పి, ల్యాప్‌టాపు మూత వేసి పరుండినచో, అదియు మనతోపాటు నిద్రించును. అది మేలుకొని యుండు వేళనే నియమింపవలెను.

2. చిరునామా. రౌటరు ఇంటిలోని ప్రతి యంత్రమునకును 192.168.1.10 వంటి సంఖ్య నిచ్చును. కరెంటు పోయి వచ్చిన తరువాత పెట్టెకు వేఱొక సంఖ్య రావచ్చును. అప్పుడు కంప్యూటరు పాత యింటి తలుపు తట్టుచుండును. పెట్టెకు ఇప్పుడున్న సంఖ్యను రౌటరు పట్టికలో చూచి, ఆ సంఖ్యకు పింగ్ అను ఆజ్ఞ నంపవలెను. బదులు వచ్చినచో దారి బాగున్నది. దోషము ముందెక్కడనో యున్నది. ఆ సంఖ్య యికమీదట మారకుండ రౌటరులో పెట్టె పేర స్థిరపఱచుట మేలు.

3. సంకేతపదము. పెట్టెలో పాస్‌వర్డు మార్చినవారు కంప్యూటరులో మార్చుట మఱతురు. విండోస్‌లోని క్రెడెన్షియల్ మేనేజరు పాతదానినే చూపుచుండును. దానిని తొలగించి క్రొత్తది వ్రాయవలెను. చదువుటకు అనుమతి యుండి వ్రాయుటకు లేకపోవుటయు కలదు. ఆ ఫోల్డరులో మన చేతితో చిన్న ఫైలొకటి వ్రాసి చూచినచో ఈ సంగతి వెంటనే తేలును.

4. మాటలాడు పద్ధతి. విండోస్ కంప్యూటరును పెట్టెయు సాధారణముగా ఎస్.ఎమ్.బి. అను నియమావళి ననుసరించి మాటలాడుకొనును. దాని మొదటి కూర్పు చాల పాతది. 2017 మే నెలలో లోకమంతట వ్యాపించిన వాన్నాక్రై అను దుష్టప్రోగ్రాము విండోస్‌లో ఆ కూర్పునకు సంబంధించిన లోపముగుండనే చొచ్చుకొని పోయెను. ఆ యేటి శరత్కాలమున వెలువడిన విండోస్ 10 నుండి క్రొత్తగా స్థాపించు కంప్యూటరులలో ఆ కూర్పును సాధారణముగా పెట్టుటలేదు. 2024లో వచ్చిన విండోస్ 11 యొక్క 24హెచ్2 కూర్పు ఇంకను కట్టుదిట్టములు చేసినది. ప్రో తరగతిలో పాస్‌వర్డు లేని అతిథివలె పెట్టెలోనికి పోవుటను అది సహజముగా ఒప్పుకొనదు. కావున నిన్నటివరకు నడచిన పని అప్‌డేటు జరిగిన మఱునాడు ఆగిపోవచ్చును. అట్టియెడ పాత తలుపును మరల తెఱవరాదు. పెట్టె సాఫ్ట్‌వేరును క్రొత్తదానిగా చేసి, పాస్‌వర్డు గల వాడుకరి నొకని దానిలో ఏర్పఱుపవలెను.

5. చోటు. పాత ప్రతులు పేరుకొని డిస్కు నిండవచ్చును. ఎన్ని పాత ప్రతులుంచవలెనో ప్రోగ్రాములోనే నిర్ణయింపవలెను గాని, ఫోల్డరు తెఱచి చేతితో తుడిచివేయరాదు. క్రొత్త ప్రతి పాతదానిపై ఆధారపడి యుండవచ్చును; క్రింది రాయి లాగినచో పై గోడ కూలును.

6. పేరు పొడవు. మా చిత్రములను పోగొట్టినది ఇదియే. కంప్యూటరు అక్షరములను బైటులతో కొలుచును. యూటీఎఫ్-8 అను పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు 1 బైటు చాలును. తెలుగు గుఱుతు ఒక్కొక్కదానికి 3 బైటులు కావలెను. “స్త్రీ” అనునది మన కంటికి ఒక్క అక్షరమే. కంప్యూటరునకు అది స, త, ర అను మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘము, వెరసి 6 గుఱుతులు, 18 బైటులు. విండోస్ తన డిస్కుపై ఒక్కొక్క తెలుగు గుఱుతును ఒకటిగానే లెక్కించి 255 వఱకు ఒప్పుకొనును. నాస్ పెట్టెలు తఱచుగా లినక్స్‌పై నడచును. అందలి ఈఎక్స్‌టీ4, బీటీఆర్ఎఫ్‌ఎస్ పద్ధతులలో పేరు 255 బైటులకు మించరాదు. అనగా తెలుగు గుఱుతులు 85 మాత్రమే. ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్ పద్ధతిచే తాళము వేసిన ఫోల్డరులో హద్దు 143 బైటులు. అనగా 47 గుఱుతులు. మా ఫోల్డరు అట్టి తాళము గలదే. పొట్టిపేరు గల చిత్రములన్నియు పెట్టెలోనికి పోయినవి. ఎవరి పేర్లను మేము మిక్కిలి శ్రద్ధతో, ఇంటిపేర్లతో సహా, పూర్తిగా వ్రాసితిమో వారి చిత్రములే గుమ్మమువద్ద నిలిచిపోయినవి. పెట్టెలో డిస్కులు రెండుండుటయు మమ్ము కాపాడలేదు. లోనికి పోనిది రెండింటను లేదు.

పెద్ద సంస్థలకును ఈ ప్రమాదము తప్పలేదు. 1998లో అమెరికాలోని పిక్సర్ సంస్థవారు “టాయ్ స్టోరీ 2” చిత్రమును తయారుచేయుచుండగా ఒక ఆజ్ఞ పొరపాటున అందలి ఫైళ్లను తుడిచివేసెను. మాఱుప్రతులను చూడగా అవియు సరిగా పనిచేయుట లేదని అప్పుడే తెలిసెను. బిడ్డ పుట్టిన కారణమున ఇంటినుండి పనిచేయుచున్న గేలిన్ సుస్మన్ అను ఉద్యోగిని కంప్యూటరులో నున్న ప్రతియే వారిని ఆదుకొనెను. అందుకే ప్రతులు మూడుండవలెననియు, రెండు విధములైన సాధనములపై నుండవలెననియు, ఒకటి వేఱొక చోట నుండవలెననియు తెలిసినవారు చెప్పుదురు.

మేము మరల ఆ యిండ్లకు పోయితిమి. 31 చిత్రములలో 22 మాత్రము మరల దొరకినవి. తక్కిన తొమ్మిదింటి అసలు ప్రతులు ఆ నడుమ చెదలచేతను వాననీటిచేతను నశించినవి. ఒక వృద్ధురాలు “మీ దగ్గఱ భద్రముగా నున్నదనుకొంటిని నాయనా” అనిన మాట మా చెవులలో నిప్పటికిని ఉన్నది.

ఇప్పుడు మా ఫైళ్లకు సంఖ్యలే పేర్లు. వివరములు వేఱొక పట్టికలోను, కాగితపు పుస్తకములోను వ్రాయుచున్నాము. ఒక ప్రతి మఱియొక యింట నున్నది. ప్రతినెల మొదటి శనివారమున పెట్టెలోని ఫైళ్లను లెక్కించి, కొన్నిటిని వెనుకకు దెచ్చి, తెఱచి, కంటితో చూచుచున్నాము.

విద్యార్థులారా, మీ యింటిలోను ఇట్టి పెట్టె యుండవచ్చును. పచ్చగుఱుతును చూచి తృప్తిపడకుడు. నేటి సాయంకాలమే మీ తలిదండ్రుల యనుమతితో పాత చిత్రమునొకదానిని అందులోనుండి వెనుకకు దెచ్చి తెఱచి చూడుడు. వెనుకకు దెచ్చి చూడనంతవఱకు అది ప్రతి యని చెప్పుటకు వీలులేదు.