తెర మీద తేలే అక్షరాలు

కంప్యూటర్ దగ్గర వంతు అయిపోవస్తోందని చెప్పడానికి మామూలు మెసేజ్ బాక్స్ పెడితే ఏమవుతుంది? టైప్ చేస్తున్నవాడి ఎంటర్ దానికే తగిలి, చదవకముందే మాయమవుతుంది. 2003లో వచ్చిన ఆటోహాట్‌కీ అనే ఉచిత ప్రోగ్రాంలో దీనికి ఉపాయం ఉంది.

టైటిల్ పట్టీ లేని చిన్న విండో చేసి, అన్నిటికన్నా పైన ఉండేలా పెట్టాలి. దాని వెనుక భాగానికి ఒక రంగు వేసి, ‘విన్‌సెట్‌ట్రాన్స్‌కలర్’తో ఆ రంగును కనపడకుండా చేయాలి. ఇక మిగిలేవి అక్షరాలే. రంగు పక్కన 150 అని రాస్తే అవీ కాస్త పలచబడతాయి. 255 అయితే నిండుగా ఉంటాయి. అక్షరాలకూ అదే రంగు ఇచ్చారో, అవీ మాయం! (ఇది తెలుసుకోవడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది.)

విండోను చూపేటప్పుడు ‘నోయాక్టివేట్’ మరవకండి. అప్పుడే కర్సర్ స్కాలర్‌షిప్ ఫారంలోనే ఉంటుంది. 2022 డిసెంబరులో వచ్చిన రెండో వెర్షన్‌లో ఆజ్ఞలు రాసే పద్ధతి మారింది. పాత ప్రోగ్రాంను ఉన్నదున్నట్టు ఎక్కిస్తే నడవదు.