దసరాకు పాలపిట్ట కనబడాలంటే చేను గట్టు మీద మోడు ఉండాలె

పైన వీడియోలో కరెంటు తీగ మీద కూసున్న పిట్టను చూసిన్రు కదా. కూర్చున్నప్పుడు మట్టి రంగు, ఎగిరిందంటే రెక్కల నిండా నీలం. మన పాలపిట్ట. వీడియోలో చెప్పలేనివి ఇక్కడ రాస్తున్నా.

మా ఊరు బోధన్ దగ్గర. చిన్నప్పుడు దసరా నాడు జమ్మి పూజ అయినంక నాయన నన్ను భుజం మీద ఎక్కించుకొని ఊరి పొలిమేర దాకా తీసుకపోయేటోడు. చెరుకు చేన్ల పక్కన ఏదో ఒక తీగ మీద పాలపిట్ట ఉండేది. దండం పెట్టుకొని, జమ్మి ఆకు బంగారం పంచుకుంట ఇంటికొచ్చేది. పాండవులు జమ్మి మీది ఆయుధాలు దించుకొని వస్తుంటే ఈ పిట్ట ఎదురొచ్చిందట, అందుకే గెలిచిన్రట. ఇది మా నాయనమ్మ మాట. ఉమ్మడి రాష్ట్రంలోనూ ఇదే రాష్ట్ర పక్షి, 2014లో తెలంగాణ కూడా దీన్నే ఉంచుకుంది.

కొన్నేళ్ల కింద దసరాకు పొలిమేరలో ఎంత తిరిగినా పిట్ట కనబడలేదు. అక్కడే ఒకతను పంజరంలో పెట్టి చూపిస్తుండు, మనిషికి ఇరవై రూపాయలు. నేనూ ఇచ్చిన. మా పాపకు చూపించిన. దగ్గరికి పోతే రెక్కలు దారంతో కట్టి ఉన్నయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఈ పిట్టను పట్టడం, పంజరంలో పెట్టడం నేరం. ఆ సంగతి తెలిసి కూడా ఇచ్చిన. శుభం కోసం ఇచ్చే ఆ ఇరవైతోనే వల వేసేటోని పండుగ గడుస్తది.

పిట్టలను మనుషుల మోజు చంపడం కొత్త కాదు. వందేళ్ల కింద యూరప్ ఆడవాళ్ల టోపీలకు ఈకలు కావాలని మన దేశం నుంచి పాలపిట్టతో సహా ఎన్నో పిట్టల ఈకలు ఓడలెక్కినయి. 1902లో ఆ ఎగుమతిని ఆపిన్రు. వాళ్లది మోజు, మనది భక్తి. పిట్టకు తేడా ఏముంది?

కానీ వల ఒక్కటే కారణం అనుకుంటే మనల్ని మనం తప్పించుకున్నట్టే. ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ 2023 నివేదిక ప్రకారం దేశంలో పాలపిట్టలు పన్నెండేళ్లలో 30 శాతానికి పైగా తగ్గినయి. ఇది అడవి పిట్ట కాదు, చేను పిట్ట. అంటే తగ్గింది మన దగ్గరే.

దీని బతుకు ఎట్లుంటదో చూడండి. ఎత్తున కూర్చొని నేల మీద కదిలేదాన్ని చూస్తది, దిగి పట్టుకుంటది. మిడతలు, కీచురాళ్లు, పెంకు పురుగులు, అప్పుడప్పుడు చిన్న బల్లి, కప్ప. చెరుకు రైతుకు ఇందులో పెంకు పురుగు ముఖ్యం. వేరు పురుగు తల్లి అదే. తొలకరి వాన పడంగనే భూమిలోంచి లేచి సాయంత్రం వేప, రేగు చెట్ల మీదికి చేరుతది. పాలపిట్ట పొద్దుగూకే దాకా వేటాడుతది కాబట్టి కొన్ని దొరుకుతయి. మొత్తం ఇదే తింటది, మందు అక్కర్లేదు అని నేను చెప్పను. కొన్ని యూట్యూబ్ వీడియోల్లో అట్లనే చెప్తున్నరు, నమ్మకండి. దున్నినప్పుడు పైకి తేలిన వేరు పురుగులను మాత్రం నాగలి వెనకే వచ్చి ఏరుకునే పిట్టలు చాలా ఉన్నయి: కొంగలు, గోరింకలు, కాకులు. పాలపిట్ట వాటిలో ఒకటి.

ఇక గూడు. ఇది సొంతంగా తొర్ర చేసుకోలేదు. మార్చి నుంచి జూన్ దాకా ముసలి చెట్టు తొర్రలోనో, తల తెగిన తాటి మోడులోనో గుడ్లు పెడతది. మోడు లేకపోతే పిల్లలు లేవు.

ఇక్కడ నా తప్పు చెప్పాలె. 1937లో మొదలైన నిజాం షుగర్స్ 2015 డిసెంబర్‌లో మూతపడ్డది. చెరుకు తగ్గి మేం వరికి మారినం. హార్వెస్టర్ తిరగాలని గట్టు సాపు చేయించిన, ఎండిన తాటి మోడు అడ్డం ఉందని కోయించిన. నరికిన మొద్దులో ఈకలు, ఎండిన రెట్ట ఉన్నయి. అగ్రికల్చర్ డిప్లొమా చదివినోణ్ని, ముందు తొర్రలోకి చూడాలని తోచలేదు. అప్పట్లో గుళికలు కూడా ఏటా చల్లేది. పురుగే లేని చేన్ల పిట్టకు ఏం పని?

జపాన్‌లో టొయోకా అనే ఊరు ఉంది. అక్కడ పెద్ద కొంగలు పొలాల్లో తిరిగేవి. పురుగు మందులతోటి, తడి నేలలు పోయి అంతరించినయి, ఆ దేశంలో చివరి అడవి కొంగ 1971లో చనిపోయింది. రష్యా నుంచి పిల్లలను తెచ్చి పెంచి 2005లో మళ్లీ వదిలిన్రు. వదిలే ముందే రైతులు మందులు తగ్గించి, చలికాలంలో కూడా మడుల్లో నీళ్లు నిలిపి కప్పలను, చేపలను పెంచిన్రు. ఆ బియ్యాన్ని కొంగ పేరుతోనే ఎక్కువ ధరకు అమ్ముతున్నరు. కొంగను బోనులో చూపించి డబ్బు తీసుకోలేదు, బియ్యం అమ్మిన్రు. వ్యాపారం చేసేటోనిగా నాకు ఈ లెక్క నచ్చింది.

నేను చేసినవి చిన్నవే. గుళికలు మానేసి నాలుగు పంటలైంది. మళ్లీ ఎకరం చెరుకు వేసిన, బెల్లం నేనే వండి నిజామాబాద్‌లో అమ్ముతున్న. చేన్ల ఎకరానికి పది దాకా అడ్డ కర్రలు పాతిన, మనిషి ఎత్తు కంటే కొంచెం పైకి. చెరుకు పెరిగితే కర్ర మునుగుతది, అందుకే గట్టున పొడుగువి. పక్క రైతు కోసిన తాటి మొద్దు అడిగి తెచ్చి, పైన తొర్ర తవ్వించి గట్టు మూలన నిలబెట్టిన. కింద రెండడుగులు పాతి రాళ్లు దట్టించాలె, లేకపోతే గాలికి పడ్డదే. మాది ఒకసారి పడ్డది.

ఈ మార్చిలో ఒక జంట ఆ మోడు చుట్టూ తిరిగింది. మగది పైకి లేచి పల్టీలు కొట్టడం వీడియోలో మూడో నిమిషం దగ్గర ఉంది. గుడ్లు పెట్టిందో లేదో నిచ్చెనేసి చూడలేదు, మీరు కూడా చూడకండి. బెల్లం డబ్బా మీద పాలపిట్ట బొమ్మ వేద్దామని మా తమ్ముడు పోరు పెడుతున్నడు. తొర్రలోంచి పిల్ల తల బయటపెట్టినంక వేద్దామని ఆపిన.