మోటారు కేబులు, సెన్సారు తీగ – ఒకే గాడిలో వేయరాదు

కర్నూలు, కడప సీమలో పెక్కు చీనీ, అరటి తోటలకు బోరు నీరే ఆధారము. నేల తేమను, బోరులోని నీటిమట్టమును కనిపెట్టు సెన్సారులను మీలో కొందరు స్టార్టరు పెట్టెకు కలుపుచున్నారు. మంచిదే. కాని ఆ సన్నతీగను మోటారు కేబులుతో కలిపి పూడ్చుట పొరపాటు.

మోటారుకు పోవు 415 వోల్టుల విద్యుత్తు సెకనుకు 50 మారులు ముందుకు వెనుకకు ఊగుచుండును. అందువలన ప్రక్కనున్న సన్నతీగలో అల్ప విద్యుత్తు పుట్టును. రెండును జోడుగా సాగిన దూరము పెరిగినకొలది దోషము పెరుగును. సెన్సారు తప్పు చెప్పినచో బోరు ఎండినను మోటారు తిరిగి కాలిపోవచ్చును. ఎలుకలు తొడుగులు కొరికినచో మోటారు విద్యుత్తు సన్నతీగలోనికి దిగి, ముట్టినవాని ప్రాణము తీయవచ్చును.

కావున ఇట్లు చేయుడు:

1. కనీసము ఒక అడుగు ఎడముగా, వేరు గాడులలో, వేరు పైపులలో వేయుడు.

2. దాటక తప్పనిచో మూలమట్టముగా అడ్డము దాటించుడు.

3. లోహపు అల్లిక తొడుగు గల సెన్సారు తీగనే వాడుడు. అల్లికను పెట్టె వద్ద ఒక కొననే ఎర్తు చేయించుడు. బోరు గొట్టములో రెండును దగ్గరగా ఉండక తప్పదు గనుక అచ్చట ఇది మరింత అవసరము.

4. నల్లరేగడి వేసవిలో బీటలు వారును. తీగను బిగించక వదులుగా వేయుడు.

మెయిన్ స్విచ్చి ఆపక గాడి త్రవ్వకుడు. ఒక దినపు శ్రమ మోటారును, మనిషిని కూడ కాపాడును.