కొత్త ల్యాప్‌టాపులో పాత విండోస్ ఎందుకు మొరాయిస్తుంది?

2007 జనవరి 30న మైక్రోసాఫ్ట్ సంస్థ తన కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ 'విండోస్ విస్టా'ను ప్రజలకు అమ్మకానికి పెట్టింది. అప్పటినుంచి దుకాణాల్లో అమ్మే ల్యాప్‌టాపులు చాలావరకు విస్టాతోనే రాసాగాయి. అయితే ఒక విచిత్రం జరిగింది. కొత్త ల్యాప్‌టాపు కొన్నవారిలో అనేకమంది అందులోని విస్టాను తీసేసి, 2001లో వచ్చిన పాత 'విండోస్ ఎక్స్‌పీ'ని వేసుకోవాలనుకున్నారు.

దీనికి కారణం లేకపోలేదు. ఎక్స్‌పీ నడవడానికి కనీసం 64 మెగాబైట్ల మెమరీ ఉంటే చాలు. విస్టాకు కనీసం 512 మెగాబైట్లు, అంటే 8 రెట్లు కావాలి. మెమరీ తక్కువగా ఉన్న చవక ల్యాప్‌టాపుల్లో విస్టా నత్తనడక నడిచింది. ఇంట్లో ఉన్న పాత ప్రింటర్లు కొన్ని దానితో పనిచేయలేదు. విస్టాలో 'బిజినెస్', 'అల్టిమేట్' రకాలు కొన్నవారు కావాలంటే ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌కు మారవచ్చునని మైక్రోసాఫ్టే అనుమతించింది కూడా.

కొత్త చొక్కా విప్పి పాత చొక్కా తొడుక్కోవడం ఎంతసేపు! ఇదీ అంతే తేలికనుకున్నారు. కాని ఎక్స్‌పీ సీడీ పెట్టగానే కొందరికి తెరమీద ఒక సందేశం కనబడింది: ఈ కంప్యూటరులో హార్డ్‌డిస్కే లేదట! మరికొందరికి తెరంతా నీలంగా మారి యంత్రం ఆగిపోయింది. డిస్కు లోపలే ఉంది. నిన్నటిదాకా చక్కగా పనిచేసింది. మరి ఎక్స్‌పీకి ఎందుకు కనబడలేదు?

ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకుంటే ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో సగం తెలిసినట్టే.

ఇద్దరి మధ్య దుబాసీ

కంప్యూటరులో చేతికి తగిలే భాగాలు కొన్ని ఉన్నాయి: హార్డ్‌డిస్కు, కీబోర్డు, తెర, మెమరీ, శబ్దాన్నిచ్చే చిప్పు మొదలైనవి. మనం వాడే ప్రోగ్రాములు మరికొన్ని: ఉత్తరాలు టైపు చేసేది, బొమ్మలు గీసేది, పాటలు వినిపించేది. పాటలు వినిపించే ప్రోగ్రాముకు మీ ల్యాప్‌టాపులో ఏ కంపెనీ చిప్పు ఉందో తెలియదు. తెలియనవసరమూ లేదు. "ఈ పాట వినిపించు" అని అది ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడుగుతుంది. ఆ మాటను చిప్పుకు అర్థమయ్యే సంకేతాలుగా మార్చి అందించడం ఆపరేటింగ్ సిస్టమ్ పని.

పూర్వం చెన్నపట్నంలో ఇంగ్లీషు వర్తకులకూ మన నేతగాళ్ళకూ మధ్య దుబాసీలు ఉండేవారు గదా! ఇరువైపుల భాషలూ వారికి వచ్చు కాబట్టి బేరం సాగేది. ఆపరేటింగ్ సిస్టమ్ కూడా అలాంటి దుబాసీయే. కాకపోతే దానికి రెండు భాషలు చాలవు. డిస్కుది ఒక భాష, తెరది ఒక భాష, శబ్దపు చిప్పుది మరో భాష. ఒకే పని చేసే చిప్పులు రెండు వేర్వేరు కంపెనీలవైతే వాటి భాషలు కూడా వేరుగా ఉండవచ్చు. ఒక్కొక్క భాషను నేర్పే చిన్న ప్రోగ్రామును 'డ్రైవరు' అంటారు. ఆ భాగాన్ని నడిపించేది కాబట్టి దానికా పేరు.

డ్రైవర్లలో కొన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌తోపాటే వస్తాయి. మిగిలినవాటిని ఆయా భాగాలు తయారుచేసిన కంపెనీలు ఇస్తాయి. అసలు కీలకం ఇక్కడే ఉంది. 2001లో విడుదలైన ఆపరేటింగ్ సిస్టమ్‌కు 2001 నాటి భాగాల భాషలే తెలుస్తాయి. ఆ తర్వాత పుట్టిన చిప్పు భాష దానికెలా తెలుస్తుంది? మనవడికి తాత పేరు తెలుస్తుంది. మనవడు పుట్టకముందు తాత రాసుకున్న డైరీలో మనవడి పేరు ఉండదు. కొత్తది పాతదాన్ని ఎరిగి ఉండవచ్చు. పాతది కొత్తదాన్ని ఎరిగి ఉండదు. ఈ ఒక్క సూత్రాన్ని గుర్తుంచుకోండి. మనం చూడబోయే చిక్కుల్లో చాలావరకు దీని నుంచి పుట్టినవే.

మరి పాత ప్రింటర్లు విస్టాతో ఎందుకు పనిచేయలేదు? విస్టాలో డ్రైవర్ల నిబంధనలు చాలా మారాయి. వాటికి తగిన డ్రైవర్లను కంపెనీలన్నీ వెంటనే రాయలేదు. అయినా కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కు డ్రైవరు రాస్తే కంపెనీకి అమ్మకాలు పెరుగుతాయి కాబట్టి నేడు కాకపోతే రేపు రాస్తుంది. మూలబడుతున్న పాతదానికి రాయడం దండగనుకుంటుంది. అందుచేత కాలం గడిచేకొద్దీ వెనక్కి వెళ్ళే దారి ఇరుకవుతుంది.

డిస్కు ఎందుకు కనబడలేదు?

ఎక్స్‌పీ తయారైన రోజుల్లో హార్డ్‌డిస్కును 'ఐడీఈ' అనే పద్ధతిలో యంత్రానికి కలిపేవారు. తర్వాత 'సాటా' పద్ధతి వచ్చింది. దానితోపాటు డిస్కుతో వేగంగా మాట్లాడేందుకు 'ఏహెచ్‌సీఐ' అనే కొత్త భాష వచ్చింది. విస్టాకు ఈ భాష వచ్చు. ఎక్స్‌పీకి రాదు.

ఇక్కడ మీకొక సందేహం రావచ్చు. ఎక్స్‌పీకి భాష రాకపోతే అది అసలు మొదలుకావడం ఎలా సాధ్యమైంది? మీట నొక్కగానే ముందుగా మేలుకొనేది ఆపరేటింగ్ సిస్టమ్ కాదు. యంత్రంలోని ఒక చిప్పులో 'బయాస్' అనే చిన్న ప్రోగ్రాము ఉంటుంది. ముందుగా అదే లేచి, భాగాలను పరీక్షించి, సీడీ నుంచో డిస్కు నుంచో ఆపరేటింగ్ సిస్టమ్ మొదటి ముక్కలను మెమరీలోకి చేరుస్తుంది. ఆ తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్ బయాస్‌ను పక్కన పెట్టి, తన సొంత డ్రైవర్లతో భాగాలను చేతిలోకి తీసుకుంటుంది. ఏరు దాటి తెప్ప తగలేసినట్టన్నమాట! సొంత తెప్ప ఉన్నవాడికి దిగులు లేదు. ఎక్స్‌పీకి ఆ తెప్ప లేదు. అందుకే సీడీ మొదలైంది, కాని డిస్కు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

దీనికి మూడు ఉపాయాలుండేవి. సీడీ మొదలైన వెంటనే ఎఫ్6 మీట నొక్కి, ఫ్లాపీ డిస్కులోని డ్రైవరును అందించడం మొదటిది. కాని అప్పటికే కొత్త ల్యాప్‌టాపుల్లో ఫ్లాపీ పెట్టే చోటే లేదు! కావలసిన డ్రైవరును కలిపి ఎక్స్‌పీ సీడీని కొత్తగా తయారుచేసుకోవడం రెండోది. బయాస్‌లోకి వెళ్ళి డిస్కు పద్ధతిని ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మార్చడం మూడోది. అప్పుడు కొత్త డిస్కు పాత డిస్కులా నటిస్తుంది. దుబాసీకి కొత్త భాష రాకపోతే, వర్తకుడే పాత భాషలో మాట్లాడటం లాంటిది ఇది. అయితే ఇలా మార్చే వీలు అన్ని ల్యాప్‌టాపుల్లోనూ ఉండేది కాదు.

ఇదే కథ తర్వాత మళ్ళీ నడిచింది. 2009లో వచ్చిన విండోస్ 7కు 'యూఎస్‌బీ 3' భాష రాదు. 2015 తర్వాతి ల్యాప్‌టాపులు అనేకం ఆ భాషలోనే మాట్లాడతాయి. వాటిలో విండోస్ 7 వేయబోతే మొదటి తెర వస్తుంది, ముందుకు వెళ్ళమనే మీట కనబడుతుంది, కాని యూఎస్‌బీ మౌసు కదలదు! పేర్లు మారాయి గాని సూత్రం మారలేదు.

చెరిపింది తిరిగిరాదు

పాతదాని మీద కొత్తది వేసేటప్పుడు మన ఫైళ్ళు సాధారణంగా అలాగే ఉంటాయి. పాతది తన వివరాలను ఎక్కడ, ఏ రూపంలో దాచుకుందో కొత్తదానికి తెలుసు. కొత్తదాని మీద పాతది వేసేటప్పుడు అలా కుదరదు. కొత్తది రాసుకున్న వివరాలు పాతదానికి అర్థం కావు. అందువల్ల డిస్కును తుడిచి మొదటినుంచీ మొదలుపెట్టాలి. తుడిచేటప్పుడు ఫొటోలు, పాఠాలు, నాన్నగారి లెక్కలు అన్నీ పోతాయి. తయారీదారు డిస్కులో ఒక మూల దాచి ఉంచిన తొలి ప్రతి కూడా ఒక్కోసారి వాటితోనే పోతుంది. ఆ తర్వాత మళ్ళీ కొత్తదానికి వెళ్ళాలన్నా కష్టమే.

ఒక మినహాయింపు ఉంది. విండోస్ 10 ఉన్న యంత్రాన్ని విండోస్ 11కు మార్చినప్పుడు పాతదాన్ని ఒక పక్క భద్రపరుస్తారు. మామూలుగా 10 రోజుల్లోపు అయితే వెనక్కి వెళ్ళవచ్చు. గడువు దాటితే ఆ ప్రతిని యంత్రమే తొలగిస్తుంది. కొన్నప్పుడే విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాపులో అలాంటి పాత ప్రతి ఉండదు.

ఒకే డిస్కులో రెండు విండోస్‌లు పెట్టుకోవాలనుకునేవారు ముందు పాతది, తర్వాత కొత్తది వేస్తారు. ఎందుకో చెప్పగలరా? తర్వాత వేసినదే యంత్రాన్ని మొదలుపెట్టే బాధ్యత తీసుకుంటుంది. విస్టాకు ఎక్స్‌పీని లేపడం తెలుసు. ఎక్స్‌పీకి విస్టాను లేపడం తెలియదు. మన సూత్రమే మళ్ళీ!

తాళం మార్చని ఇల్లు

డ్రైవర్లు దొరికాయి, ఫైళ్ళు భద్రం చేశారు, పాతది చక్కగా నడుస్తోంది. ఇక చిక్కు లేనట్టేనా? అన్నిటికంటే పెద్ద చిక్కు ఇప్పుడే మొదలవుతుంది.

ఆపరేటింగ్ సిస్టమ్‌లో కోట్లాది అక్షరాల ఆదేశాలుంటాయి. వాటిలో ఎక్కడో లోపాలు ఉండిపోతాయి. వాటి గుండా దొంగ ప్రోగ్రాములు చొరబడతాయి. లోపం బయటపడినప్పుడల్లా తయారీదారు సవరణ పంపుతాడు. కొన్నేళ్ళ తర్వాత ఆ సవరణలు ఆగిపోతాయి. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విస్టాకు 2017 ఏప్రిల్ 11న, విండోస్ 7కు 2020 జనవరి 14న ఆగిపోయాయి. విండోస్ 10కు కూడా, అదనపు సవరణల పథకంలో చేరినవారికి తప్ప, 2025 అక్టోబరు 14న ఆగిపోయాయి.

సవరణ లేకపోతే ఏమవుతుందో 2017 మే 12న ప్రపంచం చూసింది. 'వానాక్రై' అనే దొంగ ప్రోగ్రాము కంప్యూటర్లలోని ఫైళ్ళను తాళం వేసినట్టు బంధించి, డబ్బు చెల్లిస్తేనే విడుస్తానన్నది. బ్రిటన్‌లో అనేక ప్రభుత్వ ఆసుపత్రుల్లో వైద్యం ఆగి రోగులు వెనక్కి వెళ్ళవలసివచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దానికి చిక్కాయి. ఆ లోపానికి సవరణ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న వచ్చింది! ఎక్కువగా దెబ్బతిన్నవి విండోస్ 7 యంత్రాలు. వాటికి సవరణ ఉంది, వేసుకోలేదు. గడువు తీరిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ అప్పుడు ప్రత్యేకంగా సవరణ ఇచ్చింది. కాని అలా ప్రతిసారీ ఇస్తుందని నమ్ముకోలేం. సవరణలు ఆగిన ఆపరేటింగ్ సిస్టమ్ తాళం పాడైన ఇల్లు లాంటిది. పగలు ఇంట్లో హాయిగానే ఉంటుంది. భయమంతా రాత్రికే.

అయితే పాతది ఎప్పుడూ వద్దా?

అలా అనలేం. పాత ప్రోగ్రాముతో మాత్రమే పనిచేసే ప్రయోగశాల పరికరం ఉందనుకోండి. దానికి జోడించిన కంప్యూటరును ఇంటర్నెట్‌కు కలపకుండా పాత వ్యవస్థతోనే నడపవచ్చు. ఇంకా మంచి మార్గం 'వర్చువల్ యంత్రం'. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక ప్రోగ్రాముగా, ఉత్తుత్తి కంప్యూటరును సృష్టించి, పాతదాన్ని అందులో నడుపుతారు. ఆ ఉత్తుత్తి యంత్రంలోని డిస్కు పాత భాషే మాట్లాడుతుంది. 2009లో మైక్రోసాఫ్ట్ విండోస్ 7 ప్రొఫెషనల్ వాడేవారికి 'ఎక్స్‌పీ మోడ్' పేరుతో ఈ సదుపాయమే ఇచ్చింది. ల్యాప్‌టాపు నెమ్మదిగా ఉందనేదే బాధ అయితే, తక్కువ మెమరీతో నడుస్తూ సవరణలు ఇంకా అందుకుంటున్న లినక్స్ రకాలు ఉన్నాయి. అంటే తేలికగా నడవడానికి పాతబడినదే కానక్కరలేదు.

వెనక్కి వెళ్ళక తప్పదంటే, ఇంట్లో పెద్దల అనుమతి తీసుకుని, ఈ వరుస పాటించాలి:

1. మీ ల్యాప్‌టాపు నమూనాకు, వేయదలచిన పాత వ్యవస్థకు డ్రైవర్లు ఉన్నాయో లేదో తయారీదారు దగ్గర చూడాలి. లేకపోతే అక్కడితో ఆగాలి.

2. ఆ డ్రైవర్లను ముందే వేరే పెన్‌డ్రైవులో దాచుకోవాలి. నెట్‌వర్కు డ్రైవరు తప్పనిసరి. అది లేకపోతే మిగిలినవాటిని తెచ్చుకోవడానికి ఇంటర్నెట్టే అందదు!

3. ఫైళ్ళను రెండు వేర్వేరు చోట్ల దాచి, తెరిచి చూసుకోవాలి. దాచడం వేరు, దాచినది తెరుచుకోవడం వేరు.

4. ఇప్పుడున్న వ్యవస్థను మళ్ళీ వేసుకునే సాధనాన్ని తయారుచేసుకోవాలి.

5. ఛార్జరు తగిలించి ఉంచి అప్పుడు మొదలుపెట్టాలి.

మీరే చూడండి

మీ బడిలో విండోస్ కంప్యూటరు ఉంటే, ఉపాధ్యాయుల సమక్షంలో 'డివైస్ మేనేజర్' తెరవండి. భాగాల జాబితా కనబడుతుంది. ఒక్కొక్కదాని డ్రైవరు తేదీ రాసుకోండి. విండోస్‌తోపాటు వచ్చిన డ్రైవర్లలో చాలావాటి మీద 2006 జూన్ 21 అని ఉంటుంది. నిన్నగాక మొన్న కొన్న కంప్యూటరులో కూడా అంతే! అది అవి రాసిన తేదీ కాదు. ఒక భాగానికి సమానంగా సరిపోయే డ్రైవర్లు రెండుంటే, తేదీ కొత్తగా ఉన్నదాన్ని విండోస్ ఎంచుకుంటుంది. తయారీదారు ప్రత్యేకంగా రాసిన డ్రైవరుకే పెద్దపీట దక్కాలని, మైక్రోసాఫ్ట్ తన డ్రైవర్ల మీద కావాలనే పాత తేదీ వేస్తుంది.

ఆలోచించండి

1. 2001 నాటి కంప్యూటరులో ఎక్స్‌పీ సీడీ పెడితే హార్డ్‌డిస్కు కనబడుతుందా? ఎందువల్ల?

2. వర్చువల్ యంత్రంలో ఎక్స్‌పీ నడపడానికి మీ ల్యాప్‌టాపు శబ్దపు చిప్పుకు ఎక్స్‌పీ డ్రైవరు వెతకనక్కరలేదు. కారణమేమిటి?

3. సవరణ విడుదలైన మరునాటి నుంచి, దాన్ని వేసుకోనివారికి ప్రమాదం తగ్గుతుందా, పెరుగుతుందా? సవరణను దొంగలు కూడా చదవగలరని గుర్తుంచుకుని జవాబు రాయండి.