ఆ నాలుగు తేదీలకు వదిలెయ్

ప్రొద్దుటూరు

పాపా,

మీ అమ్మ ఫోన్లో అంతా చెప్పింది. ఆరు నెలల టీబీ మందులు అయిపోయినాయి. తెమడ పరీక్షలో ఏమీ లేదన్నారు. అయినా నువ్వు వేరే పళ్లెం, వేరే గ్లాసు పెట్టుకొని వసారాలో ఒక్కదానివే తింటున్నావంట. రాత్రి దగ్గొస్తే లేచి కూర్చొని తెల్లారేదాకా ఫోన్లో ఆ జబ్బు గురించే చదువుతున్నావంట.

కర్నూలు పెద్దాసుపత్రిలో నర్సుగా పనిచేసి, క్షయ రోగులను దగ్గరగా చూసినదాన్ని. ఆ ఎరుకతోనే రాస్తున్నాను.

టీబీ గాలిలో అంటుకుంటుంది, పళ్లెంలో కాదు. జబ్బున్న మనిషి దగ్గినప్పుడు లేచే సన్నని తుంపర్లతో పోతుంది. సరైన మందు పడినాక అట్లా అంటించే గుణం త్వరగానే తగ్గిపోతుంది. నీకు మందులే పూర్తయినాయి. మరి ఆ పళ్లెం ఎవరిని కాపాడుతున్నట్టు?

మా అమ్మ కాలంలో ఈ జబ్బు వస్తే మదనపల్లె ఆరోగ్యవరమే దిక్కు. 1915లో తెరిచిన ఆ శానిటోరియంలో నెలల తరబడి ఇంటికి దూరంగా పడి ఉండాల్సిందే. 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలుపెట్టినారు. పేద రోగుల్లో కొందరిని శానిటోరియంలో ఉంచి, కొందరిని వాళ్ల ఇరుకిండ్లలోనే ఉంచి, అందరికీ ఏడాదిపాటు ఒకే మందులిచ్చినారు. 1959లో ఫలితం చెప్పినారు. ఇంట్లో ఉన్నవాళ్లూ దాదాపు అంతే బాగా కోలుకున్నారు. వాళ్లతో కలిసి బతికిన ఇంటివాళ్లకు అందువల్ల జబ్బు ఎక్కువగా రాలేదు. ఎన్నో దేశాలు ఇంట్లోనే మందులిచ్చే దారి పట్టడానికి ఆ పనే ఆధారం. జబ్బుతో ఉన్నవాళ్లే ఇంటివాళ్ల నడుమ ఉండి బాగైతే, నయమైనదానివి నీకు వసారా ఎందుకమ్మా?

ఎక్స్‌రేలో మచ్చ కనిపించిందని భయపడుతున్నావు. ఊపిరితిత్తి మానిన చోట మచ్చ మిగలడం మామూలే. ఆ ఫిల్ము మాత్రం పారెయ్యొద్దు, ఎప్పుడైనా మళ్లీ తీస్తే డాక్టరు పక్కపక్కన పెట్టి చూసుకుంటారు.

తిరగబెడుతుందేమోనన్న భయం ఉత్తదే అని నేను అనను. కొందరికి తిరగబెడుతుంది. అందుకే మందులు ఆపినాక 6, 12, 18, 24 నెలలకు వచ్చి చూపించుకోమని ప్రభుత్వ పద్ధతిలోనే ఉంది. ఆ నాలుగు తేదీలు క్యాలెండర్లో రాసుకో. కనిపెట్టుకొని ఉండే పని వాటికి అప్పగించు. నడుమ రెండు వారాలకు మించిన దగ్గు గానీ, సాయంత్రం పూట జ్వరం గానీ, బరువు తగ్గడం గానీ, తెమడలో రక్తం గానీ కనిపిస్తే తేదీ కోసం ఆగకుండా పో. ఇవేవీ లేకుండా ఏ రాత్రో నాలుగు దగ్గులు వచ్చినాయా, నీళ్లు తాగి పడుకో. ఆ ఫోను మీ అమ్మ దగ్గర పెట్టు.

ఇంక బడి సంగతి. మైదానం చుట్టూ ఒక్క రౌండుకే ఆయాసం వస్తోందని, ఆటల టీచరుగా పనికిరానని అన్నావంట. ఆ మాట నా మనసును కోసింది. ఒక సంగతి చెప్తాను విను. నీ ఊరి పక్కన పారే కేసీ కాలువను తవ్వించిన మద్రాసు కంపెనీ దాంట్లో పడవలు కూడా నడిపి లాభం తియ్యాలనుకుంది. అనుకున్నట్టు జరగలేదు. 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. పడవలు పోయినాయి. ఈ పొద్దు నంద్యాల రైతుకు పడవల మాటే గుర్తు లేదు, మడికి నీళ్లొస్తే చాలు. నీ పనీ అంతే. నువ్వు పరుగెత్తకపోతే ఏం, పిల్లలు పరుగెత్తుతారు. ఖోఖోలో ఎవరు ఏ క్షణంలో లేవాలో కుర్చీలో కూర్చొని చెప్పగలిగే కన్ను నీది. హెడ్మాస్టరు నీడలో కూర్చొని నేర్పించమంటే మొహమాటపడకుండా ఒప్పుకో. ఎండ ఎక్కకముందే రోజూ కొంచెం నడువు, వారానికింత పెంచు. ఊపిరి ఎంత తిరిగొస్తే అంతతోనే పని అమర్చుకుందాం. సంగటి, పప్పు, గుడ్డు, చెనిక్కాయల చట్నీ మానొద్దు.

పెండ్లి మాట వస్తే జబ్బు సంగతి దాచిపెట్టమని మీ అమ్మ అంటోంది. దాచొద్దు. నయమైందని రాసిచ్చిన కాగితం వాళ్ల ముందర పెట్టు. అది చూసి కూడా వెనక్కి పోయే ఇల్లు మనకొద్దు. మీ అమ్మతో నేను మాట్లాడతాను, ఈ విషయంలో నువ్వు ఆమెతో పోట్లాడొద్దు.

మీ అవ్వ